అగట్టి: సముద్రం మధ్య 1204 మీటర్లు

(రాజమండ్రిలో ఒక సాయంత్రం సభలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం, మరీ తెగిపోయిన వాక్యాలు మాత్రం కలిపాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించు బాబూ, నాకంటే అదే ఎక్కువ మాట్లాడుతోంది.

లక్షద్వీప్ గురించి ఏదన్నా చెప్పమన్నారు. నేను బీచ్‌ల గురించి చెప్పను, ఫొటోలు కూడా తేలేదు. 2024 జనవరిలో ప్రధానమంత్రి అక్కడికి వెళ్లొచ్చినప్పటి నుంచి ఆ నీలం నీళ్ల ఫొటోలు మన అందరి వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతూనే ఉన్నాయి, నాకంటే మీరే ఎక్కువ చూసుంటారు. నేను చెప్పేది విమానాశ్రయం గురించి. అదేం సబ్జెక్టండీ అనుకోకండి. లక్షద్వీప్ మొత్తానికి విమానం దిగే చోటు ఒక్క అగట్టి మాత్రమే, ఆ ఒక్క చోటు ఎలా పనిచేస్తుందో తెలిస్తే టికెట్ ఎందుకు దొరకదో, బ్యాగు ఎందుకు వెనక ఉండిపోతుందో, విమానం అక్కడిదాకా వెళ్లి దిగకుండా ఎందుకు తిరిగొస్తుందో అన్నీ అర్థమవుతాయి. అర్థమైతే కనీసం కౌంటర్ దగ్గర కుర్రాడి మీద అరవకుండా ఉంటాం.

ముందు రన్‌వే పొడుగు. 1204 మీటర్లు. శంషాబాద్‌లో పెద్ద రన్‌వే 4260 మీటర్లు. మన హేవలాక్ వంతెన ఉంది కదా, గోదావరి మీద పాతది, దాంట్లో సగం కూడా రాదు ఈ రన్‌వే. ఆ సగం లేని దాని మీద విమానం దిగాలి, ఆగాలి, మళ్లీ ఎగరాలి. రెండు చివర్లా సముద్రం. పక్కలకీ సముద్రమే, ఎందుకంటే దీవి అక్కడ అంత సన్నగా ఉంటుంది. మన మధురపూడి విమానాశ్రయంలో రన్‌వే చాలకపోతే ఏం చేశారు? పక్కన పొలాలు తీసుకుని పొడిగించారు, ఆ రైతుల గోడు వేరే కథ, దానికి ఇంకో సాయంత్రం కావాలి. అగట్టిలో తీసుకోవడానికి పొలం ఎక్కడుంది? దీవి మొత్తం కలిపితేనే నాలుగు చదరపు కిలోమీటర్లు లేదు. అందులోనే ఇళ్లు, బళ్లు, మసీదులు, ఆసుపత్రి, కొబ్బరి తోటలు, శ్మశానాలు, 2011 లెక్కల ప్రకారం ఏడున్నర వేల మంది జనం. దాంట్లోంచే ఒక ముక్క కోసి 1988లో రన్‌వే వేశారు. అప్పట్లో వాయుదూత్ అనే విమానాల కంపెనీ వాళ్ల డోర్నియర్ వచ్చేది, పందొమ్మిది సీట్ల చిన్న విమానం. దానికి ఈ పొడుగు హాయిగా సరిపోయేది.

ఇప్పుడు వచ్చేవి ఏటీఆర్‌లు, రెక్కల కింద పంకాలు తిరిగే విమానాలు. మన రాజమండ్రికీ వస్తాయి కాబట్టి మీలో చాలామంది ఎక్కే ఉంటారు. ఏటీఆర్ 72లో సీట్లు 70 నుంచి 78 దాకా ఉంటాయి. నిండా జనం, నిండా సామాను, నిండా ఇంధనం వేసుకుంటే అది లేవడానికి 1300 మీటర్లకు పైనే కావాలి, అదీ మామూలు చల్లని రోజున. ఎండ ఎక్కువైతే గాలి పలచబడుతుంది, గాలి పలచబడితే రెక్కలకి పట్టు తగ్గుతుంది, ఇంకాస్త పొడుగు కావాలి. ఉన్నది 1204. మరి ఏం చేస్తారు? బరువు తగ్గిస్తారు. వేరే దారి లేదు.

బరువు తగ్గించాలంటే మూడే ఉన్నాయి తగ్గించడానికి: మనుషులు, సామాను, ఇంధనం. ఇంధనం జోలికి వెళ్లలేరు. ఎందుకంటే అగట్టి మీద మబ్బు పట్టి దిగడం కుదరకపోతే పక్కనే ఇంకో విమానాశ్రయం లేదు, మళ్లీ కేరళ తీరందాకా రావాల్సిందే. కొచ్చి నుంచి అగట్టికి దాదాపు 460 కిలోమీటర్లు. అంటే వెళ్లేటప్పుడే తిరిగొచ్చే ఇంధనం కూడా మోసుకెళ్లాలి, ఆ ఇంధనం బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ఇక మిగిలింది మనమూ మన బ్యాగులూ. అందుకే కొన్ని సీట్లు అమ్మరు. "సీట్లు ఖాళీగా ఉన్నాయండీ, అయినా టికెట్ లేదన్నారు, ఇదంతా పెద్ద మోసం" అని చెప్పే పెద్దమనుషులు ప్రతి ట్రిప్పులోనూ ఒకరు తగులుతారు. మోసం కాదండీ, ఆ ఖాళీ సీటే మిమ్మల్ని సముద్రంలో పడకుండా గాల్లోకి లేపుతోంది.

బ్యాగుల సంగతి చెప్తాను. మేం తిరిగొచ్చేటప్పుడు విమానం ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి చూస్తే మా గుంపులో ఒకాయన బ్యాగు ట్రాలీ మీదే ఉంది, విమానంలోకి ఎక్కలేదు. ఏంటంటే బరువు ఎక్కువైందట, రేపటి విమానంలో పంపిస్తామన్నారు. ఆయన బీపీ మాత్రలు అందులోనే ఉన్నాయి. చెప్పకుండా దించేశారని ఆయనకి కోపం, దాంట్లో న్యాయం ఉంది, ముందే ఒక మాట చెప్పొచ్చు కదా. బ్యాగు వచ్చిందిలెండి, కొచ్చిలో ఒక రాత్రి ఆగాల్సి వచ్చింది. కాబట్టి మందులు, చార్జర్, ఒక జత బట్టలు చేతి సంచిలో పెట్టుకోండి. చెక్-ఇన్‌కి ఎన్ని కేజీలు అనేది మీ టికెట్ మీద చూసుకోండి, కంపెనీని బట్టి మారుతుంది, యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని నమ్మకండి.

మనకి తట్టని విషయం ఇంకొకటుంది. ఆ విమానంలో మన పక్కన ఎవరు కూర్చుంటారు? సగం మంది దీవి వాళ్లే. కొచ్చిలో ఆపరేషన్ చేయించుకుని వచ్చేవాళ్లు, కాలేజీ పిల్లలు, ప్రసవానికి వెళ్తున్న అమ్మాయి పక్కన వాళ్లమ్మ. వాళ్లకి ఇంకో దారి ఓడ. కొచ్చి నుంచి ఓడలో దీవిని బట్టి 14 నుంచి 20 గంటలు పడుతుంది, వానాకాలంలో సముద్రం పొంగితే ఆ ప్రయాణం మన గోదారి లాంచీ లాంటిది కాదు. మరీ ప్రాణం మీదికొస్తే హెలికాప్టర్‌లో తీసుకెళ్తారు. మనకి ఆ విమానం సరదా, వాళ్లకి అది ఆర్టీసీ బస్సు. పండగ సీజన్‌లో ఆ కాసిని సీట్లూ మనమే ముందు బుక్ చేసేస్తే వాళ్లు ఓడ ఎక్కాలి. వెళ్లొద్దని చెప్పడం లేదు. నేనూ వెళ్లాను కదా. కానీ అక్కడ అమ్మే ప్రతి సీటు వెనకా ఈ లెక్క ఉంది.

ఇక పర్మిట్. మన దేశంలోనే ఉన్నా లక్షద్వీప్‌కి ప్రవేశ అనుమతి కావాలి, దానికి 1967 నాటి నిబంధనలు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పెట్టాలి, ఏ దీవికి వెళ్తున్నామో అందులో రాసి ఉంటుంది. దిగాక ఆ కాగితం అక్కడి పోలీసులకి చూపించాలి. మన దేశంలో మనకి వీసా ఏంటని కొందరు గింజుకుంటారు. ఆ దీవుల మొత్తం విస్తీర్ణం 32 చదరపు కిలోమీటర్లు, జనం ఉండే దీవులు పదే పది, జనాభా 2011లో 64 వేల పైచిలుకు, వాళ్లలో దాదాపు అందరూ షెడ్యూల్డ్ తెగల వాళ్లే. గేటు తీసేసి ఎవరొస్తే వాళ్లు రండి అంటే ఆ దీవులు ఎన్నాళ్లు నిలుస్తాయి? మన ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఎందుకుందో మన జిల్లాల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నన్నడిగితే ఆ పర్మిట్ ఉండాల్సిందే.

ఇప్పుడు దిగే సంగతి. గంటన్నర పాటు కింద నీళ్లు తప్ప ఇంకేం ఉండదు, మనవాళ్లు నిద్రపోతారు. నిద్రపోకండి. రన్‌వే నైరుతి నుంచి ఈశాన్యానికి ఉంటుంది, దాని మీద రాసే అంకెలు 04, 22, అంటే దిక్సూచిలో 40 డిగ్రీలు, 220 డిగ్రీలు అని. విమానం ఈశాన్యం వైపు మొహం పెట్టి దిగుతుంటే ఎడమ కిటికీలోంచి లగూన్ కనబడుతుంది, అంటే పగడపు దిబ్బ లోపల మడుగులా నిలిచిన సముద్రం, లేత ఆకుపచ్చగా, అడుగున ఇసుక కూడా తెలిసేంత పలచగా. కుడి కిటికీలోంచి అసలు సముద్రం, నల్లగా, లోతుగా. మధ్యలో ఈ గీత. చక్రాలు నేలకి తగిలేదాకా కిటికీలోంచి నేల కనబడదు, నీళ్లే. మొదటిసారి వెళ్లేవాళ్లకి టెన్షన్ ఖాయం. దిగ్గానే బ్రేకు గట్టిగా పడుతుంది, ఫోన్లు చేతుల్లోంచి జారతాయి.

లగూన్ పడమర వైపే ఎందుకుంటుందంటే, దీవి పగడపు దిబ్బకి తూర్పు అంచున పేరుకుంది. నైరుతి రుతుపవనాల కెరటాలు పడమర నుంచి కొడతాయి, విరిగిన పగడం ముక్కల్నీ ఇసకనీ తోసుకుంటూ తెచ్చి తూర్పున పోస్తాయి. ఆ పోగే దీవి. ఆ ఇసకలో కొంత చిలక చేపలు పగడాన్ని కొరికి నమిలి వదిలింది. అవునండీ, నవ్వకండి, మనం చెప్పులు విప్పి నడిచే తెల్లటి ఇసకలో అది కూడా ఉంది.

దాని కింద ఏముంది? ఇది రాజమండ్రిలో చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పలేను. పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కొట్టే నల్లరాయి ఉంది కదా, ఇటు కాతేరులో కూడా ఉంది, మన ఇళ్ల స్లాబుల్లో వేసిన కంకర చాలావరకు అక్కడిదే. అది లావా. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కన్ అంతా లావా పారినప్పుడు వందల కిలోమీటర్లు కొట్టుకొచ్చి ఇక్కడ గడ్డకట్టింది. ఆ లావాని పైకి తోసిన వేడి ఊట భూమి లోపల ఒకచోట నిలకడగా ఉంటే, పైనున్న భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోసే భూమి పైపెంకు ముక్క మాత్రం ఉత్తరానికి జరుగుతూ పోయింది. జరిగిన దారి పొడుగునా సముద్రం అడుగున అగ్నిపర్వతాల వరస ఒకటి మిగిలింది, లక్షద్వీప్, మాల్దీవులు, ఛాగోస్. ఆ ఊట ఇప్పుడు మడగాస్కర్ దగ్గరున్న రీయూనియన్ దీవి కింద ఉంది. అగ్నిపర్వతాలు చల్లారి మెల్లగా మునిగిపోతుంటే, వాటి అంచున పగడాలు వెలుతురు కోసం పైపైకి కట్టుకుంటూ వచ్చాయి. కొండ మునిగింది, ఉంగరం మిగిలింది. దాన్నే అటాల్ అంటారు. ఈ సంగతి ముందుగా ఊహించినవాడు చార్లెస్ డార్విన్, 1836లో హిందూ మహాసముద్రంలోనే కోకోస్ కీలింగ్ దీవుల్లో దిగి చూశాడు. ఇప్పుడు అక్కడా ఒక విమానాశ్రయం ఉంది, ఆస్ట్రేలియా వాళ్లది, దాని రన్‌వేని దాటుకుంటూ గోల్ఫ్ ఆడతారు. స్థలం లేకపోతే ఏదైనా రెండు పనులు చేయాల్సిందే మరి.

పసిఫిక్‌లో తువాలు అని ఇలాంటి పగడపు దీవుల దేశం ఒకటుంది, మొత్తం 26 చదరపు కిలోమీటర్లు. దాని రాజధాని ఫునఫూటిలో రన్‌వేని 1943లో యుద్ధం కోసం అమెరికా నేవీ వాళ్లు వేశారు. వేయడానికి మట్టి కావాలి కదా, దీవినే తవ్వి గోతులు చేశారు. ఆ గోతులు ఉప్పునీళ్లతో, చెత్తతో నిండి డెబ్భై ఏళ్లు అలాగే ఉండిపోయాయి, 2015లో న్యూజిలాండ్ సాయంతో పూడ్చారు. అక్కడ విమానం వారానికి కొన్నిసార్లే వస్తుంది. మిగతా టైంలో రన్‌వే ఊరి మైదానం, సాయంత్రం పిల్లలు, పెద్దలు వాలీబాల్, ఫుట్‌బాల్ ఆడుకుంటారు. విమానం వచ్చేముందు సైరన్ మోగుతుంది, అందరూ పక్కకి తప్పుకుంటారు. మార్షల్ దీవుల్లో మజురో అని ఇంకో అటాల్, అక్కడ వానొస్తే రన్‌వే మీద పడ్డ నీళ్లని పక్క చెరువుల్లోకి పట్టి, శుద్ధి చేసి ఊరికి తాగడానికి పంపిస్తారు. పగడపు దీవి మీద వాగులు, నదులు ఉండవు కదా, వాన నీళ్లు ఇంకి ఉప్పునీటి మీద పలచగా తేలే పొర ఒకటే ఆధారం. అగట్టికి ఈ విషయంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు వేరే దారి చూపించారు, లోతు నుంచి తెచ్చిన చల్లటి సముద్రపు నీటితో పైనున్న గోరువెచ్చటి నీటి ఆవిరిని మంచినీళ్లుగా మార్చే ప్లాంట్ పెట్టారు, రోజుకి లక్ష లీటర్లు. 2005లో లక్షద్వీప్ రాజధాని కవరత్తిలో మొదలుపెట్టి 2011లో అగట్టికి తెచ్చారు. టెర్మినల్‌లో నీళ్ల బాటిల్ సగం తాగి పారేసే ముందు ఇది గుర్తుంటే చాలు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. "మాల్దీవుల్లో అంత పెద్ద విమానాశ్రయం ఉంది, మనం ఎందుకు కట్టలేం?" అని 2024 నుంచి ఒకటే ఊదర. మాల్దీవుల్లో దీవులు దాదాపు 1200. హుల్‌హులే అనే ఒక దీవిని పూర్తిగా విమానాశ్రయానికే ఇచ్చేశారు, 1960లో ఇనుప రేకులు పరిచి మొదలుపెట్టారు. వాళ్లకి ఖర్చు పెట్టడానికి దీవులు ఉన్నాయి. అయినా అక్కడే దక్షిణాన అడ్డూ అటాల్‌లో బ్రిటిష్ వాళ్లు గన్ దీవి మీద వైమానిక స్థావరం కట్టినప్పుడు ఆ ఊరివాళ్లని లేపి పక్క దీవికి పంపించారు, పక్క దీవివాళ్లని ఇంకో దీవికి జరిపారు. రన్‌వే పడుకుంటే ఊరు లేవాలి. మన దగ్గర దీవులు 36 అని పుస్తకాల్లో చదువుకున్నాం, అందులో బంగారం అనే పేరున్న అటాల్‌లోని పరళి అనే చిన్న దీవి ఒకటి కోతకి గురై పూర్తిగా కనుమరుగైంది కూడా.

అగట్టి రన్‌వేని పొడిగించే ప్లాన్లు చాలాకాలంగా ఉన్నాయి. దక్షిణం చివర కల్పిట్టి అని జనం లేని బుల్లి దీవి ఉంది, మధ్యలో లోతు లేని పాయ, దాని మీదుగా రన్‌వేని సాగదీయాలని ఒక ఆలోచన, లగూన్ వైపు పూడ్చాలని ఇంకో ఆలోచన. ఆ తీరాల్లో తాబేళ్లు గుడ్లు పెడతాయి, పగడం ఉంది. పగడం అందానికి ఉన్నది కాదు, కెరటం దీవిని కొట్టకుండా ఆపే గోడ అది. గోడ పగలగొట్టి ఇల్లు పెంచుతామంటే ఎలా? 1998లో, 2010లో, 2016లో సముద్రం వేడెక్కి ఆ పగడం తెల్లబడింది, చాలా చచ్చిపోయింది, అది ఇంకా కోలుకోనేలేదు. 2017లో ఓఖి తుఫాను వచ్చినప్పుడు అక్కడి దీవులు ఎంత ఎత్తులో ఉన్నాయో అందరికీ తెలిసింది, సముద్రానికి ఒకటి రెండు మీటర్లు పైన, అంతే.

అయితే దీవివాళ్లు పొడిగింపు వద్దంటున్నారని నేను చెప్పను, అలా చెప్తే అబద్ధం. నేను మాట్లాడినవాళ్లలో కొందరికి పెద్ద విమానం కావాలి, ఆసుపత్రికి తొందరగా వెళ్లాలి, టికెట్ ధర తగ్గాలి. చేపలు పట్టేవాళ్లకి మాత్రం లగూన్ పూడుస్తారంటే భయం, వాళ్లు గేలంతో సూర చేపలు పడతారు, దానికి ఎర వేసే చిన్న చేపలు ఆ లగూన్‌లోనే దొరుకుతాయి. ఒకే ఇంట్లో అన్నది ఒక మాట, తమ్ముడిది ఒక మాట. తేల్చుకోవాల్సింది వాళ్లు. హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్లైట్ కావాలని మనం ట్వీట్లు పెట్టి తేల్చేది కాదు. నా మట్టుకు నాకు ఆ 1204 మీటర్లు లోపంలా కనబడలేదు. ఆ దీవి ఎంతమందిని మోయగలదో అంతమందినే దింపుతోంది.

టెర్మినల్ గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు, మన ఊరి బస్టాండ్ కంటే చిన్నది. విమానం దిగి నడుచుకుంటూ వెళ్లడమే, బస్సులు, విమానం తలుపుకి తగిలించే సొరంగాల్లాంటి ఏరోబ్రిడ్జిలు లేవు. తిరుగు ప్రయాణంలో మాత్రం తనిఖీ గట్టిగా ఉంటుంది, గవ్వలు, పగడం ముక్కలు జేబుల్లో వేసుకుని రాకండి, వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. పాపం చిన్నపిల్లలు ఏరుకున్నవి కూడా అక్కడే తీసి పెట్టించేస్తారు. వెళ్లేటప్పుడు మందు సీసాలు కూడా వద్దు, బంగారం దీవి రిసార్ట్ లాంటి చోట్ల తప్ప నిషేధం ఉంది.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక శ్రోత: ఏ నెలలో వెళ్తే మంచిదండీ?)

అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వెళ్లండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దు, ఆ మబ్బుల్లో విమానం రద్దవడం, వెళ్లి తిరిగి రావడం మామూలే. ఎప్పుడెళ్లినా కొచ్చి నుంచి ఇంటికొచ్చే రైలో విమానమో అదే రోజుకి బుక్ చేసుకోకండి, మధ్యలో ఒక రోజు వదలండి.

(ఇంకొకరు: రాజమండ్రి నుంచి ఎలా వెళ్లాలి?)

ముందు హైదరాబాదో బెంగళూరో చేరాలి. అగట్టికి కొచ్చి నుంచి ఎప్పటి నుంచో ఉంది, 2024లో బెంగళూరు నుంచి, గోవా నుంచి కూడా మొదలుపెట్టారు. ఆ రూట్లు సీజన్‌ని బట్టి పెడుతుంటారు, తీసేస్తుంటారు, కాబట్టి పర్మిట్ చేతికొచ్చాకే మళ్లీ ఒకసారి చూసుకుని టికెట్ కొనండి. ముందు టికెట్ కొని తర్వాత పర్మిట్ కోసం తిరిగేవాళ్లని చూశాను, డబ్బులు వెనక్కి రావడానికి నానా తంటాలు పడ్డారు. ఇంకెవరన్నా అడుగుతారా? సరే, అయితే టీ చల్లారిపోతోందట, పదండి.